ఒకటా? అనేకమా? ఎవరిది?



ఈ నెల మన బిడ్డల చదువును గూర్చి ఒక చిన్న సంగతి మాట్లాడుకుందాం. సంగతి చిన్నదే గాని దాని వెనుక ఎన్నో ఇండ్లలోని దిగులు ఉంది.

2022–23 విద్యా సంవత్సరం నుండి తెలంగాణలోని ప్రభుత్వ బడులలో ఒకటవ తరగతి మొదలుకొని ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. బిడ్డ చేతిలోని పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. మా పాలంపేట వంటి పల్లెలలో తల్లిదండ్రులు మమ్మును తరచుగా అడిగే మాట ఇది: "అయ్యగారూ, మాకు ఏ బీ సీ డీలే రావు. బిడ్డ పుస్తకం ముందట పెట్టుకొని కూసుంటే మేమేం చెప్పాలె?" పగలంతా నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన తల్లి ఆ మాట అంటుంటే ఆమె గొంతులో సిగ్గు వినబడుతుంది. బిడ్డ చదువులో తనకిక పాలు లేదని ఆమె అనుకుంటుంది.

అలా అనుకోనక్కరలేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఇంగ్లీషులో మన పిల్లలు ఎక్కువగా తడబడే చోట్లలో ఒకటి నామవాచకము, అనగా పేరు చెప్పే మాట. ఆ మాటను సరిగా వ్రాయాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటా? అనేకమా? ఎవరిది? ఈ మూడు ప్రశ్నలూ తెలుగులోనే అడగవచ్చు. జవాబూ తెలుగులోనే రావచ్చు. జవాబు తెలిసిన తరువాత దానిని ఇంగ్లీషులో వ్రాసే పద్ధతి ఉపాధ్యాయులు నేర్పుతారు. ప్రశ్న అడగడం మాత్రం అక్షరం రాని అవ్వ కూడా చేయగలదు.

ఒకటి, అనేకము

మూడేండ్ల బిడ్డను చూడండి. "రాయి" అంటుంది, "రాళ్లు" అంటుంది. "చెట్టు, చెట్లు", "కన్ను, కండ్లు", "చెయ్యి, చేతులు", "ఊరు, ఊళ్లు" అంటుంది. వీటికి ఒకే సూత్రం లేదు. చివర "లు" వస్తుందన్న మాట నిజమే గాని, దాని ముందు అక్షరం ఒక్కోచోట ఒక్కోలా మారుతుంది. ఏ బడికీ పోకముందే, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే, తల్లి నోట విని బిడ్డ ఇదంతా పట్టుకుంది. ఇంత చిక్కు నేర్చిన బుర్రకు ఇంగ్లీషు ఏకవచన బహువచనాలు మోయలేని బరువు కావు.

ఇంకో విశేషం గమనించండి. ఇంగ్లీషు మాటలు మన ఊరికి వచ్చినప్పుడు మన భాష వాటిని ఊరికే నిలబెట్టలేదు. మన మాటల పక్కనే కూర్చోబెట్టింది. "కాలు, కాళ్లు" అన్నట్టే "స్కూలు, స్కూళ్లు" అన్నాం. "గొడ్డు, గొడ్లు" అన్నట్టే "రోడ్డు, రోడ్లు" అన్నాం. "పేరు, పేర్లు" వంటిదే "కారు, కార్లు". "చెట్టు, చెట్లు" వంటిదే "టికెట్టు, టికెట్లు". ఏ పండితుడూ ఉత్తరువు ఇవ్వలేదు. బస్సు ఎక్కిన జనం, పొలం పని చేసే జనం నోటిలో ఇది జరిగిపోయింది.

ఇంగ్లీషులో సామాన్యముగా చివర "ఎస్" అక్షరం చేరుతుంది. బుక్, బుక్స్. కౌ, కౌస్. మాట చివర స, ష, చ వంటి శబ్దం ఉంటే "ఈ ఎస్" చేరి "ఎస్" అని కాక "ఇజ్" అని వినబడుతుంది. బస్, బసెస్. చర్చ్, చర్చెస్. "బేబీ" వంటి మాటల చివరి "వై" పోయి "ఐ ఈ ఎస్" వస్తుంది. "లీఫ్" లీవ్స్ అవుతుంది, "నైఫ్" నైవ్స్ అవుతుంది. మాన్–మెన్, ఫుట్–ఫీట్, టూత్–టీత్ అనేవి లోపలే మారిపోతాయి. "షీప్" మాత్రం ఒక గొర్రెకైనా మందకైనా అదే మాట. ఇవి మన "రాయి, రాళ్లు" లాంటివే. సూత్రంతో కాదు, విని విని నోటికి రావలసినవి.

కొందరు పిల్లలు "చిల్డ్రన్స్ ఆర్ ప్లేయింగ్" అంటారు. "షూస్‌లు", "మార్క్స్‌లు" అనడం మన ఇండ్లలో అందరికీ అలవాటే. అప్పటికే బహువచనమైన మాటకు మళ్లీ బహువచనం తగిలించడమన్న మాట. దీనికి పిల్లలను నవ్వకండి. "చైల్డ్" అన్న మాటకు పాత ఇంగ్లీషులో ఒక బహువచనం ఉండేది. తరువాతి తరాలవారికి అది చాలినట్లు తోచక చివర మరొక బహువచన ప్రత్యయం చేర్చారు. అలా రెండు తోకలతో నిలిచిందే నేటి "చిల్డ్రన్".

పరిశుద్ధ గ్రంథములోనూ ఇటువంటిది ఉంది. ఆదికాండము మూడవ అధ్యాయములో ఏదెను తోటకు కావలిగా ఉంచబడినవారిని హెబ్రీ భాషలో "కెరూబీమ్" అంటారు. ఆ చివరి "ఈమ్" హెబ్రీ బహువచనం. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో దానికి మళ్లీ "ఎస్" చేర్చి "చెరుబిమ్స్" అని వ్రాశారు. మన తెలుగు అనువాదకులు ఆ "ఈమ్" తీసివేసి, "కెరూబు" అన్న ఏకవచనం పట్టుకొని, మన "లు" చేర్చి "కెరూబులు" అన్నారు. మహా విద్వాంసుల కలములోనే రెండు తోకలు వచ్చినప్పుడు మూడవ తరగతి బిడ్డ నోట వస్తే వింత ఏముంది? మెల్లగా దిద్దితే చాలు.

మన లెక్క వేరు, వారి లెక్క వేరు

ఇక్కడ జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. "నీళ్లు వచ్చాయి", "పాలు కాగాయి", "వడ్లు ఎండాయి" అంటాం మనం. నీళ్లు, పాలు, వడ్లు మనకు బహువచనాలు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, ప్యాడీ ఏకవచనాలు. అందుకే మన బిడ్డ "మిల్క్ ఆర్ హాట్" అని వ్రాస్తుంది. ఆమె తెలివి తక్కువై అలా వ్రాయలేదు, తెలుగు లెక్క ప్రకారం వ్రాసింది. "మన పాలు అనేకం, వాళ్ల పాలు ఒకటే" అని ఒక్కసారి నవ్వుతూ చెబితే ఇక మరువదు.

సలహా, సామాను, సమాచారం అనేవి మనం ఎన్నైనా లెక్కపెడతాం. ఇంగ్లీషులో అడ్వైస్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ అనేవాటికి "ఎస్" చేరదు. దీనికి తిరుగుబోతు మాటలు కూడా ఉన్నాయి. మనకు కత్తెర ఒకటే, వారికి "సిజర్స్" బహువచనం. "న్యూస్" చివర "ఎస్" ఉంది గాని అది ఏకవచనమే. మనం "వార్తలు వచ్చాయి" అంటే వారు "న్యూస్ ఈజ్" అంటారు. అయితే "గుడ్ న్యూస్" మనకు "సువార్త" అయింది. అక్కడ మాత్రం రెండు భాషలూ ఏకవచనములోనే కలిశాయి.

మరొకటి గౌరవ బహువచనం. "మా సార్ వచ్చారు", "నాయనమ్మగారు పడుకున్నారు" అని మనం ఒక్కరినే అనేకులుగా చెబుతాం. అది మన మర్యాద. ఇంగ్లీషులో ఆ మర్యాద క్రియలో కనబడదు. "మై టీచర్ ఈజ్" అనాలి గాని "ఆర్" అనరాదు. "మా సార్‌ను ఏకవచనంలో అనడమా?" అని మన బిడ్డ సందేహించి "ఆర్" వ్రాయవచ్చు. మంచి పెంపకం వలన వచ్చిన తప్పు అది. గద్దించకుండా, ఇంగ్లీషువారు మర్యాదను మరోచోట చూపుతారని చెప్పండి.

ఎవరిది?

ఇప్పుడు మూడవ ప్రశ్న. దీనికి మా ఊరిలోనే పాఠం ఉంది.

పాలంపేట గుడి శాసనం ప్రకారం 1213లో ఆ ఆలయాన్ని కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. దేవుని పేరు రుద్రేశ్వరుడని అతని పేరు మీదనే పెట్టారు. అయినా జనం మాత్రం "రామప్ప గుడి" అనే అంటారు. రామప్ప దానిని చెక్కిన శిల్పి అని ఇక్కడి పెద్దలు తరతరాలుగా చెప్పే మాట. పక్కనున్నది "రామప్ప చెరువు". 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కట్టించిన రుద్రుని పేరూ రామప్ప పేరూ రెండూ వ్రాశారు. సొమ్ము పెట్టినవాడిదా, చెమట ఓడ్చినవాడిదా అన్న ప్రశ్నకు పల్లె జనం ఏనాడో తమ జవాబు చెప్పారు.

ఇప్పుడు ఆ మాటను చూడండి. "రామప్ప గుడి." రామప్పకు, గుడికి మధ్య ఏమీ లేదు. ఎవరిదో చెప్పాలంటే తెలుగులో చాలాసార్లు పక్కపక్కన పెడితే చాలు. బస్సు చక్రం, మేక పిల్ల, అక్క పుస్తకం. వ్యాకరణంలో వ్రాసే "యొక్క" అన్న మాట మన నిత్య సంభాషణలో దాదాపు రాదు. కొన్ని మాటలు మాత్రం రూపు మార్చుకుంటాయి. ఇల్లు – ఇంటి తలుపు. ఊరు – ఊరి చెరువు. చెయ్యి – చేతి కర్ర. పెరడు – పెరటి చెట్టు. ఏరు – ఏటి గట్టు. చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో వీటికి ఔపవిభక్తికములని పెద్ద పేరు పెట్టాడు. పేరు తెలియని అవ్వ కూడా "ఇల్లు తలుపు" అనదు, "ఇంటి తలుపు" అనే అంటుంది.

అనేకులదైతే "లు" కాస్తా "ల" అవుతుంది. పిల్లలు – పిల్లల బట్టలు. రైతులు – రైతుల పొలాలు. అపొస్తలులు – అపొస్తలుల కార్యములు. ఒక్క ఉకారం పోతే చాలు, ఎవరివో తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో దీనికి రెండు దారులు. ఒకటి "ఆఫ్" దారి. మన ఫారాలలో, కాగితాలలో "ఎస్ ఆబ్లిక్ ఓ" అని కనబడేది "సన్ ఆఫ్", అనగా ఫలానావారి కుమారుడు. ఈ దారిలో వరస తలక్రిందులు. మనం తండ్రి పేరు ముందు చెప్పి "దావీదు కుమారుడు" అంటాం. వారు కుమారుణ్ణి ముందు చెప్పి "సన్ ఆఫ్ డేవిడ్" అంటారు. రెండవది "అపాస్ట్రఫీ ఎస్" దారి. కామాను ఎత్తి పైన వ్రేలాడదీసినట్లుండే చిన్న గుర్తు, దానితో "ఎస్". "డేవిడ్స్ సన్" అంటే దావీదు కుమారుడు. వరస అచ్చముగా మన వరసే. కాబట్టి మన పిల్లలకు దగ్గరి దారి ఇదే. అయితే ప్రాణం లేని వస్తువుల దగ్గర వారు "ఆఫ్" దారినే ఎక్కువ ఇష్టపడతారు.

చిన్న గుర్తు, పెద్ద తేడా

ఇంతకూ చిక్కు ఎక్కడుంది? కోడిని తీసుకొని చూద్దాం. తెలుగులో కోడి, కోళ్లు, కోడి గూడు, కోళ్ల గూడు. నాలుగూ చెవికి వేరువేరుగా వినబడతాయి. ఇంగ్లీషులో ఒక కోడి "హెన్". అనేకం "హెన్స్". ఒక కోడిది అన్నా "హెన్స్", అనేక కోళ్లవి అన్నా "హెన్స్"! చివరి మూడూ చెవికి ఒక్కటే. తేడా కంటికి మాత్రమే. అనేకమైతే గుర్తు లేదు. ఒకదానిదైతే "ఎస్"కు ముందు గుర్తు. అనేకులదైతే "ఎస్"కు తరువాత గుర్తు.

కోడి గూటి దగ్గర ఈ తేడా పెద్దది కాకపోవచ్చు. పొలం దగ్గర పెద్దదే. "అన్న పొలం" వేరు, "అన్నల పొలం" వేరు. తెలుగులో ఒక్క "ల" వినబడి సంగతి తేలిపోతుంది. ఇంగ్లీషులో వ్రాసిన కాగితం ఎవరైనా చదివి వినిపిస్తే రెండూ "బ్రదర్స్ ల్యాండ్" అనే వినబడతాయి. గుర్తు ఎటు ఉన్నదో కన్ను పెట్టి చూడవలసిందే. బ్యాంకు ఫారములో "ఫాదర్స్ నేమ్" అని ఉంటుంది. మన చెవికి అది అనేకమంది తండ్రులన్నట్లు తోస్తుంది గాని, గుర్తు "ఎస్"కు ముందు ఉంది గనుక ఒక్క తండ్రి పేరే. "అప్లికెంట్స్ సిగ్నేచర్" అన్నా దరఖాస్తుదారు ఒక్కరి సంతకమే. బిడ్డకు ఈ గుర్తు నేర్పితే అది పరీక్ష మార్కులకే గాక రేపు ఇంటి కాగితాలకూ పనికివస్తుంది.

ఈ గుర్తు స్థానం కోసం పట్టుబట్టిన ఒక కుమార్తె ఉంది. అమెరికాలో అన్నా జార్విస్ అనే ఆమె తన తల్లి జ్ఞాపకార్థం 1908 మే 10న వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ పట్టణపు మెథడిస్టు చర్చిలో ఒక ఆరాధన ఏర్పాటు చేయించింది. అదే "మదర్స్ డే"గా వ్యాపించి 1914లో అధ్యక్షుడు విల్సన్ ప్రకటనతో జాతీయ దినమైంది. ఆ పేరులో గుర్తు "ఎస్"కు ముందే ఉండాలని ఆమె కోరింది. లోకములోని తల్లులందరి దినం అని కాదు, ఎవరి ఇంటిలో వారు తమ ఒక్క తల్లిని సన్మానించే దినం అని ఆమె భావం. మనం సెప్టెంబరు 5న జరుపుకొనే "టీచర్స్ డే"కు గుర్తు "ఎస్" తరువాత, అనగా ఉపాధ్యాయులందరి దినం. నవంబరు 14న వచ్చే "చిల్డ్రన్స్ డే"లో "చిల్డ్రన్" అప్పటికే బహువచనం గనుక గుర్తు, దాని వెంట "ఎస్".

గుర్తు ఎటు పెట్టాలో తెలియనప్పుడు తిరుగులేని ఉపాయం ఒకటుంది. మొదట సొంతదారుని పేరు మాత్రం వ్రాసి ఆగాలి. ఒక్కరా, అనేకులా సరిచూసుకోవాలి. తరువాత గుర్తు పెట్టాలి. అనేకుల మాట "ఎస్"తో ముగిసి ఉంటే గుర్తుతో ఆగిపోవాలి. లేకుంటే గుర్తు వెంట "ఎస్" వ్రాయాలి. ఇంతే.

రెండు హెచ్చరికలు. "దాని" అనే అర్థమున్న "ఇట్స్"కు గుర్తు ఉండదు. గుర్తు ఉన్న "ఇట్స్" అంటే "ఇట్ ఈజ్" అని. అక్షరం పోయిన చోట నిలబడడం ఈ గుర్తుకు మొదటి నుండి ఉన్న పని. రెండవది, వట్టి బహువచనానికి గుర్తు పెట్టరాదు. కొట్టు మీద "టమాటాస్" అని వ్రాసి గుర్తు పెడితే "టమాటాది" అని అర్థం వస్తుంది. టమాటాది ఏమిటో చదివినవారికి తెలియదు.

ఈ గుర్తు వెనుక చరిత్ర కూడా ఉంది. పాత ఇంగ్లీషులో సొంతం చెప్పడానికి మాట చివర "ఈ ఎస్" ఉండేది. కాలక్రమమున "ఈ" పలకడం మానేశారు. 16వ శతాబ్దంలో ఫ్రెంచి ముద్రాపకుల నుండి ఈ గుర్తును తెచ్చుకున్నారు. అయినా 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో సొంతం చెప్పే మాటలకు ఈ గుర్తు లేదు. నేడు మన చేతిలో ఉన్న ప్రతులలోని గుర్తులు 18వ శతాబ్దపు ముద్రణలలో స్థిరపడినవి. 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో "జీసస్ క్రైస్ట్ హిజ్ సేక్" అనే ప్రయోగం కనబడుతుంది. చివరి "స్" శబ్దం "హిజ్" అన్న మాట నుండి వచ్చిందేమోనని ఆనాడు కొందరు తలంచారు. ఇంగ్లీషు తల్లిభాష అయినవారే దీనిని స్థిరపరచుకొనుటకు శతాబ్దాలు పట్టింది. మన బిడ్డకు ఒక సంవత్సరమైనా ఇవ్వవద్దా?

ఇంట్లో ఏమి చేయవచ్చు?

రాత్రి అన్నం తిన్న తరువాత పది నిమిషాలు చాలు. ఇంటిలో ఉన్నదే చూపించండి. "మేక. ఇంగ్లీషులో ఏమంటారు? రెండైతే? మేక తాడు అంటే ఎట్లా రాస్తవు? మేకల కొట్టం అంటే?" అని అడగండి. జవాబు సరియైనదో కాదో మీకు తెలియనక్కరలేదు. గుర్తు ఎక్కడ పెట్టావో వేలు పెట్టి చూపమనండి. ఎందుకు పెట్టావో తెలుగులో చెప్పమనండి. "ఒక్క మేకదే గనుక" అని బిడ్డ చెప్పగలిగితే ఆమెకు పాఠం వచ్చినట్లే. చెప్పలేకపోతే మరునాడు టీచరును అడిగి రమ్మనండి. ప్రశ్న పట్టుకొని బడికి వెళ్లే బిడ్డ, జవాబు పట్టుకొని ఇంటికి వస్తుంది. తల్లిదండ్రులకు నేర్పే సంతోషం కూడా ఆమెకు దక్కుతుంది.

బిడ్డ ఇంగ్లీషు నేర్చుకోవాలని ఇంటిలో తెలుగు మాన్పించేవారు కొందరున్నారు. అది మెట్టు తీసివేసి మేడ ఎక్కమన్నట్లుంటుంది. కోడికి, కోళ్లకు తేడా తెలుగులో తెలిసిన బిడ్డకే ఇంగ్లీషు గుర్తు అర్థమవుతుంది.

చివరగా, తెలుగులో ఉండి ఇంగ్లీషులో లేని సంపద ఒకటి చెప్పి ముగిస్తాము. ఇంగ్లీషులో "అవర్" అనే ఒక్క మాట ఉంది. మనకు "మా" అని, "మన" అని రెండున్నాయి. "మా ఇల్లు" అంటే వింటున్న మీకు అందులో పాలు లేదు. "మన ఇల్లు" అంటే మీరూ ఉన్నారు. తెలుగు బైబిలులో పరలోక ప్రార్థన "మన" అని కాక "మా" అని ఎందుకు ఉన్నదో ఎప్పుడైనా ఆలోచించారా? అక్కడ వినుచున్నవాడు తండ్రియే. ఆయన్ను కలుపుకొని "మన తండ్రి" అని ఆయనతోనే అనలేము. ఒకరితో ఒకరం చెప్పుకొనేటప్పుడు మాత్రం "మన తండ్రి" అంటాము. ఈ తేడా ఇంగ్లీషులో వ్రాయడానికి ఏ గుర్తూ లేదు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, రేపు బిడ్డ పుస్తకం తెరిచినప్పుడు "అది మీ చదువు, మాకేం తెలుసు" అని లేచిపోకండి. "మన చదువు" అని పక్కన కూర్చోండి.

మీ బిడ్డలకు మా ఆశీస్సులు.